ముప్పై ఏడు సోఫాలు

ఫిబ్రవరి 10, సోమవారం

ఈ రోజు డబ్బా తెరిచారు.

అంగడి వెనక ఉన్న పాత పశువుల దవాఖానాను కూలగొట్టి అక్కడ మున్సిపాలిటీ వాళ్లు కమ్యూనిటీ హబ్ కడతారు. అందులో ఏమేం ఉండాలో జనాన్నే అడగాలని పైనుంచి ఆర్డర్. నెల రోజులు వార్డులన్నింట్లో చీటీలు పంచారు. ఆఫీసు మెట్ల దగ్గర రేకు డబ్బా పెట్టారు. మొత్తం పదకొండు వందల నలభై చీటీలు పడ్డాయి. అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నాది.

చీటీ మీద ఒకటే ప్రశ్న. మీకు కావలసినది ఏమిటి, ఒక్క మాటలో రాయండి. ఒక్క మాటైతే టోటల్ వేయడం సులువని హైదరాబాద్ కన్సల్టెంట్ చెప్పాడట. రాసేవాళ్ల సులువు గురించి అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు.

నా పేరు ఇంద్రజ. డైరీలో సొంత పేరు ఎవరైనా రాసుకుంటారా? ఈ మధ్య ఎవరూ పిలవడం లేదు, అందుకని రాసి చూసుకుంటున్నాను. ఆఫీసులో నన్ను డేటా మేడమ్ అంటారు. వయసు నలభై నాలుగు. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదో రాయాలంటే ఈ నోట్‌బుక్ చాలదు. మాది అమలాపురం పక్కన. పోయిన జూన్‌లో మా పిన్నిగారి అబ్బాయి దుర్గాప్రసాద్ హైదరాబాద్ అవతలి ఈ కంపెనీల ఊళ్లో ఈ అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం చూపించాడు, అంగడికి రెండు వీధుల అవతల గది చూపించాడు, రెండు నెలలకే వాణ్ని కంపెనీ పుణె పంపించేసింది. నేను గదిలో మిగిలాను.

ఫిబ్రవరి 12, బుధవారం

సగం పైగా అయిపోయాయి. బాత్రూం రెండు వందల పన్నెండు. జిమ్ నూట అరవై. ఫంక్షన్ హాల్, లైబ్రరీ, ఏసీ. ఒకతను 'పిల్ల' అని రాసి కింద ఫోన్ నంబర్ కూడా వేశాడు. పెళ్లికి కాబోలు. 'ఇతరములు' కాలమ్‌లో పడేశాను. నన్ను టైప్ చేయాల్సి వస్తే నేనూ ఆ కాలమ్‌లోకే వస్తాను.

ఈ జనం తెలుగు చూస్తే నాకు చేతులు ఊరుకోవు. లైబిరి, జిము, బాతురూము. అన్నీ దిద్దుకుంటూ వెళ్తున్నాను. స్పెల్లింగు దిద్దమని ఎవరూ అడగలేదు. కానీ తప్పును తప్పుగా టైప్ చేయడం నా వల్ల కాదు, నాన్నగారు హెడ్ మాస్టారు మరి.

మధ్యాహ్నం ఒక కట్ట వచ్చింది. ముప్పై ఏడు చీటీలు, అన్నింటి మీదా ఒకటే చేతిరాత, ఒకటే మాట. సోపతి. అలాంటి మాటే లేదు. సోఫా సెట్టు అని రాయబోయి ఒత్తులూ దీర్ఘాలూ మింగేసినట్టున్నారు. ముప్పై ఏడు సార్లు 'సోఫా' అని కొట్టాను. సోఫా అని రాయడం రాదు గానీ సోఫాలో కూర్చోవాలట. నాలో నేనే నవ్వుకున్నాను. ఆఫీసులో నవ్వితే ఎందుకని అడిగేవాళ్లు కూడా లేరు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఈ రోజు నాతో మాట్లాడింది గ్యాస్ సిలిండర్ తెచ్చినతను ఒక్కడే. ఓటీపీ అడిగాడు.

ఫిబ్రవరి 18, మంగళవారం

రిపోర్టు ఇచ్చాను. మా ఇంజినీరు మురళీమోహన్ గారు పేజీ పేజీ చూశారు. ఆయనదీ తణుకు వైపే, ముప్పై ఏళ్ల క్రితం ఇక్కడ స్థిరపడ్డారు. సోఫాల దగ్గర ఆగి, ఇదేమిటమ్మా ముప్పై ఏడు అన్నారు. అన్నీ ఒకే చేతిరాత సార్ అన్నాను. ఆయన పడీ పడీ నవ్వారు. ఏదో ఫర్నిచర్ షాపువాడు రాత్రికి రాత్రి చీటీలు గుద్దించి ఉంటాడు, రేపు టెండర్ వాడికే రావాలని, భలే పట్టుకున్నావు అన్నారు. ఎర్ర పెన్నుతో కొట్టేశారు. గ్రౌండ్ ఫ్లోర్‌లో మూల గది ఒకటి దేనికీ కేటాయించలేదు. దాన్ని స్టోర్ రూమ్ అని రాసేశారు.

భలే పట్టుకున్నావు. ఈ ఊరు వచ్చాక నన్ను ఒకరు మెచ్చుకోవడం ఇదే మొదలు. వస్తూ వస్తూ పావుకిలో జిలేబీ కొనుక్కున్నాను. నాలుగు తినేసరికి వెగటు పుట్టింది. మిగతావి ఇంటివాళ్లకు ఇద్దామని కిందికి వెళితే తలుపు వేసి ఉంది.

ఫిబ్రవరి 24, సోమవారం, సాయంత్రం 7

ఏం రాయాలో, ఎక్కణ్నుంచి రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

మార్చి పదిన అభ్యంతరాల మీటింగ్ ఉందని నోటీసు అంటించడానికి నన్ను పశువుల దవాఖానాకు పంపారు. ఈ చుట్టుపక్కల ఉంటూ కూడా అటు ఎప్పుడూ వెళ్లలేదు. డాక్టర్లు వెళ్లిపోయి చాలా ఏళ్లయిందట. ముందు పెద్ద వరండా. అందులో పదిహేను మంది దాకా ఆడవాళ్లు. ఒకామె బియ్యం ఏరుతోంది, ఒకామె జాకెట్లకు హుక్స్ కుడుతోంది, ఇద్దరు ఊరికే కూర్చున్నారు. నేను గోడకు గోందు రాస్తుంటే ఒక పెద్దావిడ, నిలబడ్డవేంది బిడ్డా, జెర కూసో అన్నది. పేరు మల్లవ్వ. ఒకప్పుడు లక్డారం వైపు క్రషర్లలో రాళ్లు మోసిందట. హుక్స్ కుట్టే ఆమె కుల్సుమ్.

ఇక్కడెందుకు కూర్చుంటారని అడిగాను. నా తెలివికి ఇంతకంటే మంచి ప్రశ్న తట్టలేదు. మల్లవ్వ చెప్పింది. కొడుకుది కంపెనీల నైట్ డ్యూటీ. పొద్దుగాల ఎనిమిదికి వస్తడు, ఇంత తిని పండుకుంటడు, అయిదింటికి లేస్తడు. ఉన్నది ఒక్కటే అర్ర, వంటా పడకా అన్నీ అండ్లనే. గిన్నె చప్పుడైనా లేస్తడు. లేస్తే రాత్రి మిషన్ కాడ నిద్రొస్తది, చెయ్యి పోతది. అందుకని అన్నం వండి పెట్టి, తలుపు దగ్గరేసి ఇక్కడికి వస్తుంది. కుల్సుమ్ భర్త తారిఖ్ మందుల కంపెనీలో అదే షిఫ్టు. అక్కడున్న వాళ్లందరి ఇళ్లలోనూ పగలు ఒక మగమనిషి నిద్రపోతున్నాడు. సాయంత్రం దాకా వీళ్లు ఇంటికి వెళ్లడానికి లేదు.

ఇగ గిది కూలగొడితే మేం యాడ కూసోవాలె అన్నది మల్లవ్వ. అందుకే ఇయ్యాల రానోళ్లు సుత కలిసి అందరం చీటీలు ఏసినం, మాకు రాయరాదు, ఎమ్మార్వో ఆఫీసు ముందట దరఖాస్తులు రాసే నూరుద్దీన్ సాబ్ రాసిచ్చిండు, నువ్వు ఆఫీసుదానివే గద, సూడలేదా అని అడిగింది.

ఏమని రాశారని అడిగాను. మేం గంట సేపు చెప్పినం అక్కా, సాబ్ అంతా విని, ఒక్క మాటనే రాయాల్నట, ఇది రాస్త అన్నడు అంది కుల్సుమ్. సోపతి అని రాసిండు.

సోఫానా, అన్నాను. వరండా అంతా నవ్వింది. మల్లవ్వ కళ్లు తుడుచుకుని, సోపతి అంటే తెల్వదా బిడ్డా, దోస్తాన్, తోడు, ఒకరికొకరు ఉండుడు అన్నది.

నవ్వులో నవ్వు కలిపాను. ఆ చీటీలు కొట్టేశారని చెప్పలేదు. గోందు డబ్బా అక్కడే మర్చిపోయి వచ్చేశాను.

ఎనిమిది నెలలుగా ఈ ఊళ్లో ఉన్నాను. కూరలు కొన్నాను, కిరాయి కట్టాను, ఆటోలు ఎక్కాను. వీళ్లు రోజుకు పదిసార్లు అనే మాట నా చెవిన ఒక్కసారి కూడా పడలేదు. నాతో ఆ మాట అనాల్సిన పని ఎవరికీ పడలేదు. తప్పు దిద్దాననుకుని పొంగిపోయాను. నా మీద నాకు అసహ్యంగా ఉంది.

ఫిబ్రవరి 25, మంగళవారం

సోపతి. సోపతి. సోపతి. బయటికి అని చూశాను. గదిలో వింతగా వినిపించింది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

మురళీమోహన్ గారికి చెప్పాను. తలుపు వేసి మరీ చెప్పాను. ఆయనకు ఆ మాట తెలుసు. అయ్యో, చీటీ నాకు చూపించి ఉంటే సరిపోయేదిగా, నువ్వు టైప్ చేసిందే చూశాను అన్నారు. రిపోర్టు హైదరాబాద్ వెళ్లిపోయిందట, డ్రాయింగ్ ఫైనల్ అయిందట. ఎంట్రీ చేసినవాళ్ల పేరు దగ్గర నీ పేరే ఉందమ్మా, మార్చి ముప్పై ఒకటితో నీ కాంట్రాక్టు అయిపోతోంది, ఇప్పుడు కదిలిస్తే రెన్యువల్ కష్టం, మన వైపు పిల్లవని చెబుతున్నాను, గమ్మున ఉండు అన్నారు. మంచి మనిషే. నా మంచికే చెప్పారు. ఆ మంచి విని తల ఊపి బయటికి వచ్చాను.

ఈ ఉద్యోగం పోతే నాకు ఊరు లేదు. అక్కడి ఇంట్లో అన్నయ్యలున్నారు, వాళ్ల కాపురాలున్నాయి. నాకంటూ ఉన్నది ఈ గదీ, ఆ కుర్చీ.

మార్చి 4, మంగళవారం

లంచ్ టైమ్‌లో వరండాకు వెళ్తున్నాను. గోందు డబ్బా కోసం అని మొదటి రోజు. తర్వాత ఏ సాకూ లేకుండానే. రంజాన్ మొదలైంది, కుల్సుమ్ ఉపవాసం. ఆమె ముందు తినడం బాగోదని డబ్బా పట్టుకుని స్తంభం వెనక కూర్చుంటే, ఇటు రా అక్కా, నీ పప్పు వాసనకు నా రోజా పోదు అంది.

ఈ రోజు పాడు పని చేశాను. మల్లవ్వ, నీ పెనిమిటి ఏం చేస్తడు బిడ్డా అని అడిగింది. నైట్ డ్యూటీ అన్నాను. అంతే, నోట్లోంచి వచ్చేసింది. పేరు అడిగితే సూర్యారావు అన్నాను. ఏ కంపెనీ అంటే భానూర్ వైపు అన్నాను. అయ్యో, నీదీ మా లెక్కనే గదా అని మల్లవ్వ నా పక్కకు జరిగి కూర్చుంది. ఆ జరగడం కోసమే అబద్ధం ఆడాను. ఎవరికీ చెప్పను గనక ఇక్కడ రాస్తున్నాను, హాయిగా అనిపించింది.

మార్చి 6, గురువారం

సూర్యారావుకు నిద్ర సరిగ్గా పట్టడం లేదని చెప్పాను. కిటికీకి దుప్పటి కట్టమన్నారు. ఇంటికి వచ్చి నిజంగానే కట్టాను.

మార్చి 10, సోమవారం, సాయంత్రం 6.30

మీటింగ్ అయింది.

ఆఫీసు హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, మైకు. వంద మంది వచ్చారు. వరండా వాళ్లంతా వెనక వరసలో. మినిట్స్ రాయడం నా డ్యూటీ, ముందు బల్ల దగ్గర కూర్చున్నాను. మురళీమోహన్ గారు ఒప్పుకున్నవి చదివారు. తర్వాత తీసేసినవి. సోఫాలు ముప్పై ఏడు, ఒకే చేతిరాత, బోగస్ అని అనుమానం, తిరస్కరించడమైనది. చదివేటప్పుడు నా వైపు చూడలేదు.

అప్పుడు తెల్ల గడ్డం ఆయన ఒకరు లేచారు. జేబులో రెండు పెన్నులు. అదే నూరుద్దీన్ సాబ్. ఆ చీటీలు ఒకసారి చూపియ్యండి సార్ అన్నారు. చూపించారు. ఇది నా రాతే, నలభై ఏళ్ల సంది గీ ఆఫీసుల ముందట కూసోని రాస్తున్న, నా రాత చూసి పింఛన్లు వచ్చినయ్, పట్టాలు వచ్చినయ్, బోగస్ అని ఎవ్వరు అనలే అన్నారు. గొంతు పెద్దది చేయలేదు. సోఫా సంగతి ఎత్తలేదు, బోగస్ అన్న మాటే ఆయనకు తగిలినట్టుంది. ఎవరో వెనకనుంచి, సాబ్ ఫర్నిచర్ దుకాణం ఎప్పుడు పెట్టిండు అన్నారు. నవ్వులు. ఆయన కూర్చోవాలో నిలబడాలో తెలియక అలాగే ఉండిపోయారు.

నేను లేచాను. ధైర్యం అనుకుంటే పొరపాటు. ఆయన అలా నిలబడి ఉంటే కూర్చోలేకపోయాను, అంతే. మైకు తీసుకుని, తప్పు నాది అన్నాను. ఆయన సోపతి అని సరిగ్గానే రాశారు, నాకు ఆ మాట తెలియక సోఫా అని దిద్దాను, వాళ్లు అడిగింది కుర్చీలు కాదు, పగలు ఇంట్లో షిఫ్టు మనిషి నిద్రపోతుంటే ఆడవాళ్లు కలిసి కూర్చోవడానికి ఒక గది అన్నాను. నా గొంతు స్పీకర్‌లో నాకే వేరేవాళ్లది అనిపించింది.

ముందు వరసలో ఒక కౌన్సిలర్, గంత అల్కటి, అందరనే మాట తెల్వకపోవుడేంది మేడమ్, ఎన్ని రోజులైంది వచ్చి అని అడిగాడు. ఎనిమిది నెలలు అన్నాను. ఎనిమిది నెలలల్ల ఎవ్వరు అనలేదా అన్నాడు. అనడానికి నాకు ఎవరూ లేరండీ అన్నాను.

వెనకనుంచి మల్లవ్వ, మరి నీ పెనిమిటి అన్నది. గట్టిగానే అన్నది. మైకు నా చేతిలోనే ఉంది.

లేడు అన్నాను. వంద మందికీ వినబడింది.

తర్వాత మినిట్స్ ఎవరు రాశారో నాకు తెలియదు. నూరుద్దీన్ సాబ్ బల్ల దాకా వచ్చి, షుక్రియా బేటీ అన్నారు. వెనక వరస వైపు చూడకుండా పక్క తలుపులోంచి వచ్చేశాను.

మార్చి 13, గురువారం

కలెక్టర్ ఆఫీసు నుంచి కూడా ఎవరో సోపతి చీటీల సంగతి అడిగారట, దాంతో అవి మళ్లీ లెక్కలోకి వచ్చాయి. సవరణ నేనే టైప్ చేశాను. కన్సల్టెంట్‌కు ఇంగ్లీషులో కావాలన్నారు. సోపతికి ఇంగ్లీషు ఏమిటా అని చూసి 'కంపెనీ' అని పెట్టాను. గంటకు ఫోన్. ముప్పై ఏడు మందికి ఏ కంపెనీలో ఉద్యోగం కావాలి, అది హబ్ పరిధిలోకి రాదు అన్నాడు. ఈ ఊళ్లో కంపెనీ అంటే ఇంకేమిటి మరి. ఈసారి ఒక్క మాట కాదు, పేజీన్నర రాసి పంపాను. స్పెల్లింగు చూసుకోలేదు.

వరండాకు వెళ్లడం మానేశాను. ఏ ముఖంతో వెళ్లాలి?

మార్చి 21, శుక్రవారం

స్టోర్ రూమ్ కొట్టేసి 'మహిళల గది, పగటి వేళ' అని రాశారు. కొత్త డ్రాయింగ్ చూశాను. రెండు కిటికీలు కూడా పెట్టారు. నాకు ఒక మెమో, మూడు నెలల పొడిగింపు. మురళీమోహన్ గారే పట్టుబట్టి ఇప్పించారని తర్వాత తెలిసింది.

హబ్ పూర్తయ్యేసరికి రెండేళ్లు. దవాఖానా ఏప్రిల్ ఒకటిన కూలుస్తారు. ఈ రెండేళ్లు వాళ్లు ఎక్కడ కూర్చుంటారని ఆయన్ను అడిగాను. అది మన ఫైల్ కాదు అన్నారు.

మార్చి 30, ఆదివారం

ఉగాది. పచ్చడి చేశాను. ఒక్కదానికి ఎంత చేయాలో ఇంకా చేతికి తెలియడం లేదు.

మార్చి 31, సోమవారం

రంజాన్ పండగ, సెలవు. పదకొండింటికి తలుపు కొట్టారు. ఓటీపీ అనుకుని ఫోన్ పట్టుకుని వెళ్లాను. కుల్సుమ్, మల్లవ్వ. కుల్సుమ్ చేతిలో షీర్ ఖుర్మా గిన్నె. నూరుద్దీన్ సాబ్ అడ్రసు చెప్పారట, ఆయనకు తెలియని ఇల్లు లేదు.

నిలబడి సంజాయిషీ మొదలుపెట్టాను. సూర్యారావు గురించి ఏదో అనబోయాను. మల్లవ్వ వినలేదు. కిటికీకి కట్టిన దుప్పటి చూసింది. గది నాలుగు మూలలూ చూసింది. పొయ్యి చూసింది. కుల్సుమ్ గిన్నె గట్టు మీద పెట్టి, దుప్పటి విప్పేసి మడతపెట్టింది.

అప్పుడు మల్లవ్వ అడిగింది. అయితే పగలు గీ అర్రల ఎవ్వరు పండుకోరా?

ఎవరూ పండుకోరు అన్నాను. నేను ఆఫీసుకు పోతాను, సాయంత్రం దాకా ఖాళీయే అన్నాను. ఇంతకాలం నాకు సిగ్గుగా ఉన్న సంగతి అది. ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చప్పుడు చేయొచ్చా అని అడిగింది కుల్సుమ్. ఎంతైనా చేయమన్నాను. నాకు ఏడుపు వచ్చింది. వాళ్ల ముందే ఏడ్చాను.

వాళ్లు పగలు ఇక్కడ కూర్చుంటారని ఇంటివాళ్లతో నేను మాట్లాడాను. అందరూ పట్టరు. ఎనిమిది మంది వస్తే ఎక్కువ. మిగతావాళ్లకు నాగేశ్వరి అనే ఆమె మేడ మీద రేకుల కింద చూస్తున్నారు.

ఏప్రిల్ 2, బుధవారం, సాయంత్రం 6.20

నేను వచ్చేసరికి తలుపు తీసే ఉంది. అందరూ వెళ్లిపోయారు, మల్లవ్వ ఒక్కతే ఉంది. కొడుకు లేచి గంట దాటింది. తాళం చేతికిద్దామని ఆగిన అన్నది. తాళం కింద ఉండే ఇంటివాళ్లకు ఇచ్చి పోవాలని పొద్దున అందరం అనుకున్నదే. ఆ సంగతి తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.